మలుపు దగ్గర దాసుల హక్కులు

దివ్యఖుర్ఆన్ ఫుర్ఖాన్ సూరా చివరి భాగంలో అల్లాహ్ తన ప్రియ దాసుల గుణగణాలను తెలియజేశాడు. రాత్రిళ్ళు సజ్దాలో, ఖియామ్‌లో గడపడం, నరకశిక్ష నుంచి శరణు వేడుకోవడం, దుబారాకు, పిసినారితనానికి దూరంగా ఉండటం, అన్యాయంగా ఎవరి ప్రాణమూ తీయకపోవడం... ఇలా ఆ వర్ణన సాగుతుంది. అయితే అది దేనితో మొదలయిందో మనలో చాలామంది గమనించం. రాత్రి నమాజుల ప్రస్తావన 64వ ఆయత్‌లో వస్తుంది. దానికంటే ముందు, 63వ ఆయత్‌లో, కరుణామయుని దాసులు భూమ్మీద ఎలా నడుస్తారో చెప్పబడింది. వారు అణకువతో, నింపాదిగా నడుస్తారు. అజ్ఞానులు ఎదురుపడి మాట తూలితే సలాం చెప్పి తప్పుకుంటారు. తహజ్జుద్ కన్నా ముందు నడక! ఈ వరుసలో ఎంతో వివేకం ఉంది. రాత్రి నమాజును అల్లాహ్ తప్ప ఎవరూ చూడరు. నడక మాత్రం ఊరంతా చూస్తుంది.

మన తాతల కాలంలో నడక అంటే కాలినడకే, మహా అయితే ఎడ్లబండి. ఇప్పుడు నరసరావుపేటలోనైనా, పిడుగురాళ్ళలోనైనా, గురజాల, మాచర్లలోనైనా ఇంటికో మోటార్ సైకిల్ ఉంది. నేడు మన నడక చక్రాల మీద సాగుతోంది. కాబట్టి ఆ ఆయత్ మన హ్యాండిల్‌కీ, స్టీరింగ్‌కీ కూడా వర్తిస్తుంది. ముఖ్యంగా నాలుగు రోడ్లు కలిసే చోట. మన వైపు దాన్ని కూడలి అనరు, సెంటర్ అంటారు. ఆ సెంటర్‌లో ఎటు తిరిగేవాడు ఎక్కడ నిలబడాలి అన్న చిన్న విషయం గురించే ఈ వ్యాసం. ఇది ట్రాఫిక్ పోలీసులు చెప్పాల్సిన విషయం కదా, మౌల్వీలకు దీనితో పనేమిటని పాఠకులు అనుకోవచ్చు. మూడేళ్ళ క్రితం దాకా నేనూ అలాగే అనుకునేవాణ్ణి.

ఒక జుమా రోజు

అది మిరపకాయలు కోతకొచ్చిన కాలం. ఒక పల్లె మస్జిదులో జుమా ఖుత్బా ఇవ్వడానికి మోటార్ సైకిల్ మీద బయలుదేరాను. ఇంటి దగ్గరే ఆలస్యమయింది. దారిలో ఒక సెంటర్ దగ్గర నేను కుడివైపు తిరగాలి. రోడ్డు మధ్య గీతను ఆనుకొని, కుడికి తిరిగేవాళ్ళ వరుసలో, మిరప టిక్కీలు వేసుకున్న రెండు ట్రాక్టర్లు, వాటి వెనక ఒక బస్సు నిలబడి ఉన్నాయి. ఎదురుగా వచ్చే బళ్ళు పోయేదాకా అవి ఆగాయి. ఎడమ అంచున మాత్రం రోడ్డు ఖాళీగా ఉంది. అది తిన్నగా పోయేవాళ్ళకూ, ఎడమకు తిరిగేవాళ్ళకూ వదిలిన దారి. నేను ఆ ఖాళీలోంచి ట్రాక్టర్ల ముందుకు పోయి, ఒక్కసారిగా కుడికి కోశాను.

నా వెనకే, కొంచెం కుడిగా, తిన్నగా పోతున్న ఒక మోటార్ సైకిల్ ఉన్న సంగతి నాకు తెలియదు. తెలుసుకోవడానికి వెనక్కి చూస్తే కదా! నన్ను తప్పించబోయి ఆయన బ్రేకు వేశాడు. బండి పక్కకు పడింది. ఆయన, ఆయన భార్య, ముందు ట్యాంకు మీద కూర్చున్న ఏడెనిమిదేళ్ళ పిల్లవాడు, ముగ్గురూ రోడ్డు మీద పడ్డారు. పెద్దలిద్దరికీ చర్మం గీసుకుపోయింది. పిల్లవాడి మోచేతి ఎముక విరిగింది.

ఆయన లేచి, పిల్లవాణ్ణి ఎత్తుకొని, నా వైపు చూశాడు. నా టోపీని, గడ్డాన్ని చూశాడు. తిట్టలేదు. "సాయిబు గారూ, ఆ పక్కకు తిరిగేవాళ్ళు ఆ పక్కనే ఉండాలి గదండీ. మీరే ఇట్టా చేస్తే ఎట్టా?" అన్నాడు.

ఆయన నా పేరు ఎరుగడు. నన్ను అంతకుముందు చూసి ఉండడు. కాబట్టి ఆ 'మీరే' అన్న మాట నా ఒక్కడికి తగిలింది కాదు. నా నెత్తి మీది టోపీకి తగిలింది. ఆటోలో పిల్లవాణ్ణి ఆసుపత్రికి తీసుకువెళ్ళాం. ఆ రోజు ఖుత్బా మరొకరు ఇచ్చారు. నాకు జుమా దొరకలేదు. ఆసుపత్రి వరండాలో ఒక మూల జుహర్ నమాజ్ చేసుకున్నాను. రుకూలోకి వంగినప్పుడు జేబులోని కాగితం జారి కింద పడింది. అది ఆ రోజు ఖుత్బా కోసం రాసుకున్న కాగితం. దాని మీద శీర్షిక 'హుఖూఖుల్ ఇబాద్', అంటే దాసుల హక్కులు.

జుమా కోసమే కదా తొందరపడ్డాను, నీయత్ మంచిదే కదా అని మనసుకు సర్దిచెప్పుకోబోయాను. కానీ సహీహ్ బుఖారీ, సహీహ్ ముస్లింలలో హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖించిన హదీసు ఆ దారి కూడా మూసేసింది. ఇఖామత్ వినబడినా సరే, నమాజుకు పరుగెత్తుకుంటూ రావద్దని, ప్రశాంతంగా, హుందాగా నడిచి రమ్మని, దొరికినంత జమాఅత్‌తో చేసి తప్పిపోయింది తర్వాత పూర్తి చేసుకోమని దైవప్రవక్త (స) ఆదేశించారు. మస్జిదు వాకిట్లో పరుగే వద్దన్న ధర్మం నడిరోడ్డు మీద పరుగును ఒప్పుతుందా?

వరుస అంటే ఏమిటో మనకు తెలియనిదా?

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. మన దేశంలో ఎడమ పక్కన నడపాలన్నది నియమం. అందువల్ల ఎడమకు తిరగడం తేలిక. ఎవరికీ అడ్డం రాకుండా అంచునే తిరిగిపోవచ్చు. కుడికి తిరగడం అలా కాదు. ఎదురుగా వచ్చేవాళ్ళ దారిని అడ్డంగా దాటాలి. నాలుగు వైపుల నుంచి రోడ్లు వచ్చి కలిసే మామూలు సెంటర్‌లో బళ్ళ దారులు ఒకదానితో ఒకటి తగులుకునే చోట్లు 32 ఉంటాయని రోడ్డు ఇంజనీర్లు లెక్క కడతారు. అందులో 16 చోట్ల ఒక బండి దారిని మరో బండి అడ్డంగా కోస్తుంది. ప్రాణాలు ఎక్కువగా పోయేది ఆ అడ్డకోతల దగ్గరే.

మలుపు వరుసలు పెట్టింది ఈ ప్రమాదాన్ని తగ్గించడానికే. రోడ్డు నియమాలు 1989లో వచ్చాయి. వాటి స్థానంలో 2017లో కొత్త డ్రైవింగ్ నిబంధనలు అమల్లోకి వచ్చాయి. రెండింటి సారాంశమూ ఈ విషయంలో ఒక్కటే. ఎడమకు తిరగదలచినవాడు ముందుగానే ఎడమ అంచుకు చేరాలి, తిరిగాక కూడా ఎడమ అంచునే ఉండాలి. కుడికి తిరగదలచినవాడు ముందుగానే తన సగం రోడ్డులో మధ్య గీత దగ్గరకు చేరాలి. అక్కడ ఆగి, ఎదురుగా తిన్నగా వచ్చేవాళ్ళను పోనిచ్చి, ఆ తర్వాత తిరగాలి. రోడ్డు మీద బాణం గుర్తులు గీసి ఉంటే, నిలబడిన చోట బాణం ఎటు చూపితే అటే పోవాలి. తిన్నగా చూపే బాణం మీద నిలబడి కుడికి తిరగకూడదు. తెగని తెల్లగీత మొదలయ్యాక వరుస మారకూడదు. ఎర్రలైటు ఉన్నప్పుడు ఎడమకు తిరగడం కూడా, అక్కడ అనుమతి బోర్డు గానీ పచ్చబాణం గానీ ఉంటేనే చెల్లుతుంది. 'ఫ్రీ లెఫ్ట్' ప్రతి సెంటర్‌లోనూ ఉంటుందనుకోవడం మనవాళ్ళ భ్రమ.

ఈ నియమాలన్నిటిలోనూ 'ముందుగానే' అన్న మాటే ప్రాణం. ఎటు పోవాలో సెంటర్‌కు వచ్చాక కాదు, రాకముందే తేల్చుకోవాలి. ఇది మనకు కొత్త సంగతా? తక్బీర్ చెప్పకముందే నీయత్ చేసుకోవాలని మక్తబ్‌లో చదివే పిల్లలకు కూడా తెలుసు. జమాఅత్ నిలబడ్డాక సఫ్‌లు సరిచేసుకోవాలని ఇమామ్ ప్రతిపూటా గుర్తుచేస్తాడు. భుజానికి భుజం ఆనించి, మడమలు సరిచూసుకొని నిలబడే సమాజం మనది. అదే మనుషులు మస్జిదు మెట్లు దిగి బండెక్కగానే వరుస అన్న మాటే మరిచిపోతారు!

ఒకవేళ పొరపాటున తప్పు వరుసలోకి వచ్చేశాం అనుకోండి. అప్పుడేం చేయాలి? ఆ వరుస ఎటు తీసుకుపోతే అటే పోవాలి. ముందు మరో మలుపు ఉంటుంది, అక్కడ తిరిగి రావాలి. పోయేది కాస్త పెట్రోలు, రెండు మూడు నిమిషాలు. అంతేగానీ పది బళ్ళకు అడ్డంపడి మన పొరపాటు ఖర్చును ఇతరుల చేత కట్టించకూడదు.

వెనక వచ్చి, ఖాళీ కనబడ్డ చోటల్లా దూరి, ముందు నిలబడినవాళ్ళను దాటుకొని పోవడం గురించి ఒక హదీసు ఉంది. అబూ దావూద్ గ్రంథంలో హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ బుస్ర్ (రజి) దాన్ని ఉల్లేఖించారు. జుమా రోజు దైవప్రవక్త (స) ఖుత్బా ఇస్తుండగా ఒక వ్యక్తి కూర్చున్నవారి మెడల మీదుగా దాటుకుంటూ ముందుకు వస్తున్నాడు. ఆయన (స) ఖుత్బా మధ్యలోనే అతన్ని కూర్చోమన్నారు, నువ్వు జనాన్ని బాధపెట్టావు అన్నారు. ఆ మనిషి చేయబోయింది పాపకార్యం కాదు. ముందు సఫ్‌లో కూర్చోవాలన్న పుణ్యకాంక్షే. అయినా ముందు వచ్చి కూర్చున్నవాళ్ళ హక్కును అతని పుణ్యకాంక్ష కొట్టివేయలేకపోయింది. నేను ట్రాక్టర్లను దాటుకొని కుడికి కోసినప్పుడు చేసింది అచ్చంగా ఇదే.

అరఫాత్ నుంచి వచ్చిన దారి

రద్దీలో ఎలా నడవాలో దైవప్రవక్త (స) మాటతోనే కాదు, స్వయంగా వాహనం నడిపి చూపించారు. హిజ్రీ 10వ సంవత్సరం, వీడ్కోలు హజ్. అరఫాత్ మైదానం నుంచి వేలాదిమంది ఒక్కసారిగా ముజ్దలిఫా వైపు కదిలారు. వెనక నుంచి ఒంటెలను అదిలిస్తున్న కేకలు, కొడుతున్న చప్పుడు వినబడ్డాయి. ఆయన (స) తన కొరడాతో వారికి సైగ చేసి, నెమ్మదిగా రండి, పుణ్యం తొందరపాటులో లేదు అన్న భావంతో ఉపదేశించారని హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) తెలిపారు. తన ఒంటె ఖస్వా తల జీనుకు తగిలేంతగా ఆయన (స) పగ్గం బిగించి పట్టుకున్నారని హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖనంలో ఉంది. రద్దీలో మామూలు నడకతో సాగి, ఎక్కడ దారి ఖాళీగా దొరికితే అక్కడ వేగం పెంచేవారని హజ్రత్ ఉసామా (రజి) చెప్పారు. ఆయన ఆ సమయంలో అదే ఒంటె మీద వెనక కూర్చున్నారు.

చూడండి! వేగం ఎప్పుడూ తప్పు అనలేదు. ఖాళీ ఉన్నచోట వేగం, రద్దీ ఉన్నచోట పగ్గం. అద్దంకి - నార్కెట్‌పల్లి రోడ్డు మీద దాచేపల్లి, పిడుగురాళ్ళ మీదుగా పోయే మన యువకులు రద్దీ వచ్చే చోటే ఆక్సిలేటర్ తిప్పుతారు, లైటు మారకముందే దాటేద్దామని!

దారి ఇవ్వడం గురించి మరో మాట. సిగ్నల్ లేని సెంటర్‌లో, పెద్ద రోడ్డులోకి ప్రవేశించేవాడు దాని మీద పోతున్నవాళ్ళకు దారి ఇవ్వాలి. తక్కినచోట్ల తన కుడివైపు నుంచి వచ్చేవాళ్ళకు దారి ఇవ్వాలి. మన పట్టణాల్లో సిగ్నల్ లైట్లు లేని సెంటర్లే ఎక్కువ కాబట్టి ఈ నియమం అవసరం రోజూ పడుతుంది. కానీ ఆచరణలో ఏం జరుగుతోంది? ఎవరి బండి పెద్దదైతే వారిదే దారి! హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖించిన సంఘటన ఇక్కడ గుర్తొస్తుంది. ఒకసారి దైవప్రవక్త (స) పాలు తాగి, మిగిలిన పాత్రను ఎవరికి ఇవ్వాలన్న సందర్భం వచ్చింది. ఎడమవైపు హజ్రత్ అబూబక్ర్ (రజి) ఉన్నారు. కుడివైపు ఒక పల్లెటూరి అరబ్బు ఉన్నాడు. ఆయన (స) పాత్రను కుడివైపున్న ఆ పల్లెటూరివాడికే ఇచ్చి, కుడివైపు వారిది ముందు వంతు అన్నారు. ట్రాఫిక్ నియమం ఈ హదీసు నుంచి పుట్టిందని నేను అనడం లేదు. రెండింటిలోని మర్యాద మాత్రం ఒకటే. వంతు అన్నది నిలబడిన చోటును బట్టి వస్తుంది, మనిషి హోదాను బట్టి కాదు. కుడివైపు నుంచి వచ్చేది సోడాబండి అయినా సరే, నల్లటి అద్దాల కారు ఆగాల్సిందే.

ఇండికేటర్ సంగతి కూడా చెప్పాలి. అది మాట లాంటిది. ఎడమ ఇండికేటర్ వేసి కుడికి తిరిగినవాడు అబద్ధమాడినట్టే. నాలుగు మైళ్ళ కిందట వేసిన ఇండికేటర్‌ను ఆర్పకుండా టిక్కుటిక్కుమనిపిస్తూ పోయేవాడు ఏం మాట్లాడుతున్నాడో అతనికే తెలియదు. ఇక ఆటోలోంచి కాలు బయటపెట్టి తిరిగే సోదరుల భాష ఏ నిఘంటువులో ఉందో అల్లాహ్‌కే తెలియాలి.

ఆపిన బండి కూడా జవాబుదారే

మదరసాలలో బోధించే హనఫీ ఫిఖహ్ గ్రంథం 'హిదాయా'. ఇమామ్ మర్గీనానీ (రహ్మ) దాన్ని రాసి ఎనిమిది వందల ఏళ్ళు దాటింది. విద్యార్థిగా దానిలో పశువుల వల్ల జరిగే నష్టాల అధ్యాయం చదివినప్పుడు, ఇది గుర్రాల కాలం సంగతి, పరీక్ష కోసం చదివితే చాలు అనుకున్నాను. ఇప్పుడు తిరిగి చదివితే అది మన సెంటర్ల గురించే రాసినట్టుంది. ప్రజల దారిలో నడిచే హక్కు అందరికీ ఉంది, అయితే ఇతరుల క్షేమానికి భంగం కలగకూడదన్న షరతు మీద. ఇది ఆ అధ్యాయానికి పునాది. పశువు తొక్కినా, తలతో పొడిచినా, కరిచినా దాని మీద కూర్చున్నవాడు నష్టపరిహారం చెల్లించాలి. నడుస్తుండగా వెనక కాలితో తన్నితే మాత్రం రౌతు మీద బాధ్యత లేదు, ఎందుకంటే దాన్ని అదుపు చేయడం అతని చేతిలో లేదు. కానీ అతను పశువును దారిలో ఆపి ఉంచాడనుకోండి, అప్పుడు ఆ తన్నుకు కూడా అతనే బాధ్యుడు! కారణం? నడవడం అవసరం, దారిలో ఆపడం అవసరం కాదు.

ఫుఖహాల సూక్ష్మదృష్టి ఎంత గొప్పదో చూడండి. నరసరావుపేట మల్లమ్మ సెంటర్ లాంటి రద్దీ చోట, ఎడమకు తిరిగే దారిలో బండి ఆపి బేరమాడేవారు ఈ మసలాను గుర్తుంచుకోవాలి. ఎడమ మలుపులో ఆటో ఆపితే ఎడమకు పోవాల్సినవాళ్ళు మధ్య వరుసలోకి జరుగుతారు. మధ్యవాళ్ళు కుడి వరుసలోకి జరుగుతారు. ఒక్కడు ఆగినందుకు మూడు వరుసలు చెడతాయి. కూడళ్ళ దగ్గర, మలుపుల దగ్గర బండి నిలపకూడదని చట్టం కూడా చెబుతోంది. 2022 మే నెలలో మన రెంటచింతల వద్ద, శ్రీశైలం వెళ్ళి తిరిగి వస్తున్న కూలి కుటుంబాల వాహనం రోడ్డు మీద ఆగి ఉన్న లారీని ఢీకొని, కనీసం ఆరుగురు చనిపోయారు. తప్పు ఎవరిదన్నది తేల్చడం న్యాయస్థానాల పని. ఆగిన బండి ఏమీ చేయదులే అనుకునేవారు మాత్రం ఆ రాత్రిని మరిచిపోకూడదు.

అబూ దావూద్‌లోనే మరో ఉల్లేఖనం ఉంది. ఒక సైనిక ప్రయాణంలో జనం ఇష్టానుసారం బసచేసి ఇతరుల చోటును ఇరుకు చేశారు, దారిని అడ్డగించారు. అప్పుడు దైవప్రవక్త (స) ఒక చాటింపుదారుణ్ణి పంపి, అలా చేసినవారి జిహాద్ జిహాదే కాదని ప్రకటింపజేశారు. అంత గొప్ప ఆరాధనే దారి అడ్డగింపు వల్ల వ్యర్థమైపోయింది! మరి జుమా నమాజు వేళ మస్జిదు ముందు మలుపు మొత్తం మూసేసి మోటార్ సైకిళ్ళు పెట్టి వచ్చేవారి సంగతేమిటి? మస్జిదు కమిటీల పెద్దలు దీని గురించి ఆలోచించాలి. బయట ఆగిపోయిన ఆటోలో ప్రసవ నొప్పులతో ఒక తల్లి ఉండవచ్చు. మన రెండు రకాతులు ముగిసేదాకా ఆమె ఎదురుచూడాలా?

దారి వెడల్పు విషయంలో వివాదం వస్తే ఏడు మూరలు వదలాలని దైవప్రవక్త (స) తీర్పు చెప్పారు. మూర అంటే సుమారు అడుగున్నర. ఏడు మూరలు పదిన్నర అడుగులు. నేడు పెద్ద రోడ్ల మీద ఒక్కో వరుస వెడల్పు మూడున్నర మీటర్లు, అంటే పదకొండున్నర అడుగులు. దాదాపు ఒక వరుస! మలుపు మూలలో బండి పెట్టుకొని వ్యాపారం చేసే మన సోదరులు ఆ పదిన్నర అడుగులు ఎవరి సొత్తో ఒక్కసారి ఆలోచించాలి. వారి జీవనోపాధిని నేను కాదనడం లేదు. మలుపు నుంచి పది గజాలు అవతలకు జరగమంటున్నాను.

కొన్ని సాకులు

గీతలు చెరిగిపోయాయి, ఇంకెక్కడి వరుసలు అంటారు కొందరు. గీత చెరిగినంత మాత్రాన ఎడమ కుడి కాదు కదా. మస్జిదు నేల మీద గీతలు లేనప్పుడు కూడా సఫ్ కడుతూనే ఉన్నాం. గీతలు మళ్ళీ వేయించమని మునిసిపాలిటీలో అర్జీ ఇవ్వడం కూడా మన బాధ్యతే. దారి నుంచి హానిని తొలగించడం ఈమాన్ శాఖల్లో ఒకటని దైవప్రవక్త (స) తెలిపారు.

పోలీసు లేడు, కెమెరా లేదు, అర్ధరాత్రి ఎవరూ లేరు అంటారు మరికొందరు. దీనికి జవాబు అవసరమా? ఉపవాసం ఉన్నవాడు తలుపులు మూసుకొని కూడా గుక్కెడు నీళ్ళు తాగడు.

అవి ప్రభుత్వ చట్టాలు, దీన్‌తో వాటికి సంబంధం లేదు అనేవారూ ఉన్నారు. ఇది పెద్ద అపోహ. 1993లో బ్రూనైలో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖహ్ అకాడమీ, షరీఅత్‌కు విరుద్ధం కాని ట్రాఫిక్ నియమాలను పాటించడం షరీఅత్ ప్రకారం తప్పనిసరి అని తీర్మానించింది. పైగా లైసెన్సు తీసుకున్న ప్రతి ఒక్కరూ ఈ నియమాలు పాటిస్తానని ఒప్పుకొనే తీసుకున్నారు. ఒప్పందాలను నెరవేర్చమన్నది మాయిదా సూరా మొట్టమొదటి ఆయత్‌లోని ఆదేశం. ఇక లైసెన్సే లేని పిల్లల సంగతి! రంజాన్ నెలలో తరావీహ్ అయ్యాక పదమూడేళ్ళ పిల్లలు ముగ్గురేసి బండెక్కి సహరీ దాకా తిరగడం చూస్తూనే ఉన్నాం. 2019 నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం మైనరు బండి నడిపి నేరం చేస్తే తండ్రికి లేదా బండి యజమానికి 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ళ దాకా జైలుశిక్ష ఉంటాయి. తాళం చెవి ఇచ్చిన తండ్రి అల్లాహ్ దగ్గర చెప్పుకోవాల్సిన జవాబు వేరే ఉంది.

మోటార్ సైకిల్ నడిపేవారికి ఒక ప్రత్యేక హెచ్చరిక. ఎడమకు తిరగబోతున్న లారీకీ, రోడ్డు అంచుకూ మధ్య ఖాళీ ఉంది కదా అని ఎప్పుడూ దూరవద్దు. పొడవైన బండి ఎడమకు తిరగడానికి ముందు కొంచెం కుడికి జరుగుతుంది. అందుకే ఖాళీ కనబడుతుంది. తిరిగేటప్పుడు దాని వెనక చక్రాలు ముందు చక్రాల దారిలో రావు, లోపలికి కోసుకుంటూ వస్తాయి. ఆ ఖాళీ మూసుకుపోతుంది. ఎడమ పక్కన మీరున్నట్టు డ్రైవరుకు అద్దంలో కూడా కనబడదు. ట్రక్కు తగిలించిన ట్రాక్టరుకూ ఇదే వర్తిస్తుంది. చేజేతులా ప్రాణాన్ని నాశనంలోకి నెట్టుకోవద్దని బఖరా సూరా 195వ ఆయత్‌లో ఉన్న హెచ్చరికకు ఇంతకంటే కళ్ళకు కట్టే ఉదాహరణ నాకు తెలియదు. 2022లో ఒక్క సంవత్సరంలోనే మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర ప్రభుత్వ లెక్క. ఒక ప్రాణం తీయడం మానవజాతినంతటినీ చంపడంతో సమానమన్న మాయిదా సూరా 32వ ఆయత్ వెలుగులో ఆ అంకెను చదవాలి. ఉద్దేశం లేకుండా ప్రాణం తీసినా దాని మీద రక్త పరిహారం, కఫ్ఫారా ఉన్నాయని నిసా సూరా 92వ ఆయత్ చెబుతోంది. బానిసను విడిపించే మార్గం లేనివాడు వరుసగా రెండు నెలలు ఉపవాసాలుండాలి. ఎవరి చేతనైనా అలాంటి ప్రమాదం జరిగి ఉంటే ముఫ్తీ గారిని కలిసి తన విషయంలో మసలా ఏమిటో తప్పక తెలుసుకోవాలి. కోర్టులో కేసు కొట్టేశారు కదా అని వదిలేయకూడదు.

క్షమాపణ ఎవరిని అడగాలి?

తోటివారికి అన్యాయం చేసినవాడు దీనార్లు, దిర్హమ్‌లు పనికిరాని రోజు రాకముందే, ఈ లోకంలోనే దాన్ని పరిష్కరించుకోవాలని దైవప్రవక్త (స) హెచ్చరించారు. నమాజులు, రోజాలు, జకాత్ అన్నీ మోసుకొని వచ్చి, ఒకరిని తిట్టినందుకు, ఒకరిని కొట్టినందుకు, ఒకరి సొమ్ము తిన్నందుకు ఆ పుణ్యాలన్నీ వారికి పంచి ఇచ్చి దివాళా తీసే వ్యక్తి గురించిన హదీసు సహీహ్ ముస్లింలో ఉంది. అల్లాహ్ హక్కులో లోపం జరిగితే తౌబా చేసుకోవచ్చు, ఆయన క్షమాశీలి. దాసుని హక్కు పోతే ఆ దాసుడే క్షమించాలి.

ఇక్కడే రోడ్డు మీది పాపం మిగతావాటి కన్నా భయంకరం. పొరుగువాణ్ణి బాధపెడితే అతని ఇల్లు ఎక్కడో తెలుసు, రేపు పోయి కాళ్ళావేళ్ళా పడవచ్చు. అంగట్లో తూకం తగ్గిస్తే ఆ గిరాకీ మళ్ళీ రావచ్చు. సెంటర్‌లో మనం అడ్డంగా కోసినప్పుడు బ్రేకు వేసి, గుండె చేతపట్టుకొని, ఒక్క క్షణం ఆగి వెళ్ళిపోయినవాడు ఎవరు? అతని ఊరు నకరికల్లా, నాగార్జునసాగరా? అతని పేరేమిటి? ఈ ముప్ఫై ఏళ్ళ పైబడిన జీవితంలో అలా ఎంతమందిని ఆపానో నాకు లెక్క తెలియదు. లెక్క రాసేవారికి తెలుసు.

ఆ పిల్లవాడి ఇల్లు మాత్రం నాకు తెలిసింది. అది నా అదృష్టం. కట్టు విప్పిన రోజు కూడా వెళ్ళాను. వైద్యం ఖర్చు ఇవ్వబోతే ఆ తండ్రి మొదట వద్దన్నాడు. ఇది దానం కాదు, నేను మీకు పడ్డ బాకీ, తీసుకోకపోతే నా మీదే ఉండిపోతుంది అని చెప్పాక తీసుకున్నాడు. మన్నించమని అడిగాను. "నేనేం మనసులో పెట్టుకోలేదు లెండి సాయిబు గారూ. వాణ్ణే అడగండి, నొప్పి పడ్డది వాడు గదా" అన్నాడాయన.

నిజమే, హక్కు ఆ పిల్లవాడిది. వాడి ముందు కూర్చొని అడిగాను. వాడు మోచెయ్యి రెండుసార్లు మడిచి, చాచి చూపించాడు. "ఇప్పుడు ఆ సెంటర్‌లో ఎట్టా తిరుగుతున్నావు?" అని అడిగాడు. చెప్పాను. ముందే మధ్య గీత దగ్గరకు వచ్చి, ఇండికేటర్ వేసి, ట్రాక్టర్ల వెనక నా వంతు వచ్చేదాకా నిలబడుతున్నానని. వాడు తల ఊపి, ఆడుకోవడానికి బయటకు పరుగెత్తాడు.